ఇజకాయలో ఒక సాయంత్రం: గడప దాటింది మొదలు చివరి రైలు దాకా

ఇజకాయను హోటలనుకుని వెళ్లినవారు తినదలచుకున్నవన్నీ ఒకేసారి చెప్పేసి, బల్ల నిండా పళ్లేలు చేరాక ఏది ముందు తినాలో తోచక, సగం చల్లార్చుకుని తింటారు. బార్ అనుకుని వెళ్లినవారు ఖాళీ కడుపుతో రెండు గ్లాసులు తాగి, అక్కడి వంట రుచి చూడకుండానే బయటపడతారు. జపాన్‌లో ఆఫీసుకూ ఇంటికీ నడుమ దారిలో తగిలే ఈ సంప్రదాయ పానశాల ఆ రెండింటికీ చెందదు. ఇక్కడ పానీయానికి తోడుగా చిన్న చిన్న పళ్లేలలో తిండి వస్తుంది, అది అయిపోవస్తుండగా మరికొంత చెబుతారు, గ్లాసు ఖాళీ అయితే మరొకటి తెప్పించుకుంటారు, కబుర్లు మాత్రం ఆగవు. మొదటిసారి వెళ్లేవారు ప్రధానంగా గుర్తుంచుకోవలసింది ఏది చెప్పినా కొద్దికొద్దిగా, విడతలవారీగా చెప్పాలన్నదే.

ఈ అలవాటు చాలా పాతది. నేటి టోక్యో అయిన ఎదో నగరంలో 1596లో మొదలైన తోషిమాయా అనే దుకాణం, సాకే అనే బియ్యపు మద్యంతో పాటు, మిసో అనే పులిసిన సోయా ముద్ద పూసి కాల్చిన తోఫూ (సోయా పాల జున్ను) ముక్కలను కూడా అమ్మి పేరు తెచ్చుకుంది. సాకేను కొలిపించుకుని ఇంటికి పట్టుకుపోయే బదులు దుకాణంలోనే నిలబడో కూర్చునో తాగేవారు పెరగడంతో, అలాంటి దుకాణాలు క్రమంగా పానశాలలయ్యాయి. అవి ఎలా ఉండేవో చూడదలచినవారికి టోక్యో పశ్చిమ శివారు కొగనేయిలోని ఎదో-టోక్యో ఆరుబయలు వాస్తుశిల్ప మ్యూజియంలో కగియా అనే ఇజకాయ కట్టడం కనిపిస్తుంది. 1856లో కట్టిన ఆ చెక్క ఇంటిని ఉన్నచోటి నుంచి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. పగలు దాన్ని చూసి, సాయంత్రం నిజమైన ఇజకాయకు వెళ్లగలిగితే అంతకన్నా మంచి వరుస లేదు.

ఏ ఇజకాయకు వెళ్లాలన్నది మొదటి ప్రశ్న. వాకిట్లో ఎర్రటి కాగితపు లాంతరు వేలాడుతుంటే అది పానశాల అని, తలుపు ముందు నోరెన్ అనే పొట్టి గుడ్డ తెర కట్టి ఉంటే దుకాణం తెరిచి ఉందని గ్రహించాలి. తెర లోపలికి తీసేసి ఉంటే ఇంకా తెరవలేదనో, మూసేశారనో అర్థం. చాలావరకు సాయంత్రం 5 గంటల ప్రాంతంలో తెరుస్తారు. టోక్యోలో ఉద్యోగులు గుమికూడే షింబాషి, రైలు వంతెన కమానుల కింద దుకాణాలు బారులు తీరిన యూరాకుచో, షింజుకు స్టేషను పడమటి వైపున్న ఒమోయిదె యోకోచో సందు ఇందుకు ప్రసిద్ధి పొందిన చోట్లు. ఆఫీసుల పేటల్లోని చిన్న దుకాణాలకు ఆదివారం సెలవు ఉండటం మామూలే కాబట్టి ఆ రోజు షింబాషిని నమ్ముకోకపోవడం మంచిది. శుక్రవారం రాత్రి ఎక్కడైనా కిటకిటలాడుతుంది, నలుగురికి మించి వెళ్లేటట్లయితే ముందే చోటు చెప్పి ఉంచుకోవాలి.

తోరికిజోకు వంటి, ఒకే పేరుతో ఎన్నో చోట్ల నడిచే గొలుసు దుకాణాల్లో ఫొటోలున్న మెనూలు, వేలితో నొక్కి ఆర్డరిచ్చే తెరలు ఉంటాయి, వాటిలో చాలాచోట్ల ఇంగ్లీషు కూడా ఉంటుంది. వీటిని చిన్నచూపు చూసేవారున్నారు గాని, భాష రానివారు మొదటి సాయంత్రం ఇలాంటి చోట గడిపి వరుస తెలుసుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. పదిమంది మాత్రమే పట్టే, చేతిరాత కాగితాలు గోడకు అంటించిన చిన్న దుకాణం రుచి వేరు. అక్కడికి రెండోసారి వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా, వీధిలో వెంటపడి ‘రండి, చవక’ అని పిలిచేవారి వెంట మాత్రం వెళ్లకూడదు. షింజుకులోని కబుకిచో వంటి పేటల్లో అలా తీసుకుపోయి, లోపల అడ్డగోలు బిల్లు చేతిలో పెట్టే మోసాలున్నాయని అక్కడి మైకులే హెచ్చరిస్తూ ఉంటాయి.

తలుపు జరపగానే లోపలి వారందరూ ‘ఇరస్షైమాసె’ అని గట్టిగా కేక వేస్తారు. దానికి బదులు చెప్పనక్కరలేదు, చిన్నగా తల ఊపి, ఎంతమందిమో వేళ్లతో చూపితే చాలు. చోటు వారే చూపిస్తారు. ఖాళీ కుర్చీ కనిపించింది కదా అని వెళ్లి కూర్చోకూడదు. ఒక్కరో ఇద్దరో అయితే సాధారణంగా కౌంటరు దగ్గర కూర్చోబెడతారు. దీన్ని తక్కువ చోటుగా భావించనక్కరలేదు, వంట కళ్లెదుట జరుగుతుంది కాబట్టి నిజానికి అదే మేలైన చోటు. చాపలు పరిచిన గది అయితే గడప దగ్గర బూట్లు విప్పి, అక్కడి చెక్క అరలో పెట్టి, బిళ్లలాంటి తాళం దగ్గర పెట్టుకోవాలి. నేల మీద ఎక్కువసేపు మడిచి కూర్చోలేనివారు, బల్ల కింద కాళ్లు వేలాడేసుకునేందుకు గుంట తీసి ఉండే హోరిగొతత్సు కావాలని అడగవచ్చు. ఆ రోజు చిరుగుల మేజోళ్లు వేసుకుని వెళ్లకపోవడం మన చేతిలో పని.

కూర్చోగానే ఒషిబోరి అనే తడి తువ్వాలు ఇస్తారు, చలికాలంలో వేడిగా, ఎండాకాలంలో చల్లగా. అది చేతులు తుడుచుకోవడానికి. ఆ వెంటనే, చెప్పకుండానే, గుప్పెడంత గిన్నెలో ఏదో ఒక చిరుతిండి మీ ముందుకు వస్తుంది: ఉడికించిన ముల్లంగి కావచ్చు, వెనిగరు కలిపిన సముద్రపు నాచు కావచ్చు, ఆలుగడ్డ సలాడు కావచ్చు. టోక్యో వైపు దీన్ని ఒతోషి అంటారు, ఒసాకా వైపు త్సుకిదషి అంటారు. విదేశీయులకు, సిబ్బందికి తరచూ మాటామాటా వచ్చేది ఈ గిన్నె దగ్గరే. ఇది ఉచితం కాదు. మనిషికి 300 నుంచి 500 యెన్‌ల దాకా బిల్లులో చేరుతుంది, కూర్చున్న చోటుకు రుసుము అదేనని అనుకోవాలి. కొన్ని చోట్ల వద్దని చెబితే తీసుకుపోతారు, ఎక్కువ చోట్ల ఒప్పుకోరు. జపాన్‌లో టిప్పు ఇచ్చే పద్ధతి లేదన్న సంగతి గుర్తు చేసుకుంటే ఈ 300 యెన్‌లు పెద్దగా బాధించవు. గొలుసు దుకాణాల్లో అసలు ఒతోషి తీసుకోనివి కూడా ఉన్నాయి.

సిబ్బంది మొదట అడిగేది పానీయం గురించే. ఇక్కడ మెనూ అంతా చదివి తీరిగ్గా ఆలోచించడం పద్ధతి కాదు, పక్కవారి గొంతు ఆరిపోతూ ఉంటుంది. ‘తొరియేజు బీరు’, అంటే ముందుగా బీరు అనడం చాలామందికి అలవాటైపోయింది. అందరూ ఒకటే చెబితే గ్లాసులు ఒకేసారి వస్తాయి, ఒకేసారి ఎత్తవచ్చు. బీరు ఇష్టం లేనివారు షోచూ అనే జపాను మద్యంలో నిమ్మరసం, సోడా కలిపిన లెమన్ సవా గాని, విస్కీలో సోడా కలిపిన హైబాల్ గాని చెప్పుకోవచ్చు. మద్యం తాగనివారు ఊలాంగ్ టీ చెబితే ఎవరూ వింతగా చూడరు. కాకపోతే మనిషికి కనీసం ఒక పానీయమైనా చెప్పడం మర్యాద, నీళ్లతో సరిపెట్టుకోవడం చిన్న దుకాణాల్లో నచ్చదు. అందరి గ్లాసులూ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు, వచ్చాక ‘కంపాయ్’ అని గ్లాసులు తాకించి మొదలుపెడతారు. జపాన్‌లో వయోజనత్వాన్ని 2022 ఏప్రిల్‌లో 18 ఏళ్లకు తగ్గించినా మద్యానికి మాత్రం 20 ఏళ్ల నిబంధన అలాగే ఉంది కాబట్టి, చిన్నవయసుగా కనిపించేవారు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి.

పెద్ద సీసాలోని బీరును, సాకేను ఎవరికి వారు పోసుకోరు. పక్కవారి గ్లాసు సగానికి దిగిందంటే మీరు పోస్తారు, వారు మీకు పోస్తారు. పోసేవారు రెండు చేతులతో సీసా పట్టుకుంటారు, పోయించుకునేవారు గ్లాసును కాస్త ఎత్తి పట్టుకుంటారు. ఇందులో ఒక కిటుకు ఉంది: గ్లాసు ఖాళీ చేసిన ప్రతిసారీ అది నిండుతుంది కాబట్టి, ఇక చాలనుకున్నవారు నిండు గ్లాసును అలాగే వదిలేయాలి.

మొదటి పానీయంతో పాటు రెండు మూడు పళ్లేలు మాత్రమే, అదీ త్వరగా వచ్చేవి చెప్పాలి. ఉప్పు చల్లిన పచ్చి సోయా కాయలు ఎదమామె, చల్లని తోఫూ హియయాక్కో, ఊరగాయల పళ్లెం ఇందుకు సరిగ్గా సరిపోతాయి. పచ్చి చేప ముక్కలు తినేవారు నోరు శుభ్రంగా ఉన్న ఈ దశలోనే సాషిమి చెప్పుకోవాలి, నూనె పదార్థాల తర్వాత చెబితే దాని సున్నితమైన రుచి తెలియదు. ఆ తర్వాత కాల్చినవి, వేయించినవి, చివరకు పులుసు కూరలు. అన్ని పళ్లేలూ బల్ల మధ్యలో పెట్టుకుని పంచుకోవడానికే వస్తాయి, ప్రతి ఒక్కరికీ ఒక చిన్న ఖాళీ పళ్లెం ఇస్తారు. మనిషికొక వంటకం చొప్పున చెప్పుకుంటే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది.

కోడిమాంసపు పుల్లలు, అంటే యకితోరి, కాల్చే దుకాణంలో కౌంటరు దొరికితే కాసేపు వంటవాడి చేతులనే చూడండి. సన్నని పొయ్యి మీద పుల్లలు బారుగా పరుచుకుని ఉంటాయి, కొవ్వు బొట్టు బొగ్గు మీద పడి చుయ్యిమనగానే ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ పొగను పక్కకు నెడతాడు, రెండో చేత్తో వేళ్ల చివర్లతో పుల్లను గిర్రున తిప్పుతాడు. తారె అనే నల్లని చిక్కటి రసం కావాలన్నవారి పుల్లను ముప్పాతిక వంతు కాలాక ఆ రసమున్న కుండలో ముంచి తీసి మళ్లీ నిప్పు మీద పెడతాడు, అప్పుడు వచ్చే వాసనకే పక్కవారు కూడా ఇంకో రెండు చెబుతారు. అడిగేది ఒకటే ప్రశ్న: ఉప్పా, తారెనా? తొడమాంసం మొమొ, ఉల్లికాడతో కలిపి గుచ్చిన నెగిమా, ముద్ద చేసిన మాంసం త్సుకునె ఎలాగైనా బాగుంటాయి. కరకరలాడే కందనకాయ సునగిమొకు ఉప్పు, కాలేయానికి తారె నప్పుతాయి. ఒక రకానికి రెండు పుల్లల చొప్పున మాత్రమే ఆర్డరు తీసుకునే చోట్లున్నాయి. పంచుకోవడం కోసమని ముక్కలన్నీ పుల్ల నుంచి ఊడదీసి పళ్లెంలో పరచడం వంటవాళ్లకు నచ్చదు, వేడి ఇట్టే పోతుంది. తిన్న పుల్లలను బల్ల మీదున్న గొట్టంలో వేయాలి.

ఒసాకాలోని షిన్‌సెకాయి పేటలో పిండి పూసి వేయించిన పుల్లలు కుషికాత్సు తినేటప్పుడు మరో నియమం ఉంది. అందరికీ ఉమ్మడిగా ఉండే సాస్ గిన్నెలో పుల్లను ఒక్కసారే ముంచాలి, కొరికింది మళ్లీ ముంచకూడదు. ఇటీవల చాలా చోట్ల గిన్నె బదులు సీసాలు పెట్టారు.

శాకాహారులకు ఇజకాయ కష్టమైన చోటని దాచకుండా చెప్పాలి. కనిపించే చేప, మాంసం మానేస్తే సరిపోదు, ఎందుకంటే పులుసులకు, ఉడికించిన కూరలకు, గుడ్డు అట్టుకు, వేయించిన తోఫూ మీద పోసే రసానికి కూడా దాషి అనే కషాయం ఆధారం, దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన బోనిటో చేపతో కాస్తారు. చల్లని తోఫూ మీద కూడా ఆ చేప పొరలే చల్లుతారు. ‘కత్సుఒబుషి నుకి దె ఒనెగాయ్‌షిమాసు’ అంటే అవి లేకుండా ఇమ్మని. ఎదమామె, చల్లని టమాటా ముక్కలు, ఉప్పుతో కాల్చిన షిషితో మిరపకాయలు, షీతాకె పుట్టగొడుగులు, ఆలుగడ్డ వేపుడు చాలా చోట్ల దొరుకుతాయి. అయితే అదే పొయ్యి మీద, అదే నూనెలో అన్నీ వండుతారు. గొడ్డుమాంసం తిననివారు ‘గ్యూ’ అన్న మాటను, పందిమాంసం తిననివారు ‘బుత’ అన్న మాటను గుర్తుంచుకుని అడగాలి, ముఖ్యంగా పేగులు ఉడికించే మొత్సు నికోమి విషయంలో. పచ్చి మాంసం విషయంలో ధైర్యం ప్రదర్శించనక్కరలేదు. గొడ్డు కాలేయాన్ని పచ్చిగా వడ్డించడాన్ని 2012 జులైలోనూ, పచ్చి పందిమాంసాన్ని 2015 జూన్‌లోనూ ప్రభుత్వం నిషేధించింది. సగం కాల్చిన కోడిమాంసం కొన్ని చోట్ల ఇప్పటికీ దొరుకుతుంది గాని, కడుపు నొప్పితో ప్రయాణం పాడుచేసుకోవడం ఎందుకు?

బీరు తర్వాత చాలామంది సాకే వైపు వెళతారు. దీని బలం సాధారణంగా 15 శాతం చుట్టూ ఉంటుంది, బీరులా గటగటా తాగేది కాదు. కొలత ‘గో’, అంటే 180 మిల్లీలీటర్లు. ‘ఇచిగో’ అని చెబితే ఇద్దరికి చిన్న గిన్నెల్లో సరిపోయేంత వస్తుంది. వేడిగా కావాలంటే ‘అత్సుకాన్’, చల్లగా కావాలంటే ‘రేషూ’ అనాలి. సీసా మీద గింజో అని ఉంటే బియ్యపు గింజను 60 శాతం లేదా అంతకంటే తక్కువ మిగిలేలా, దాయిగింజో అని ఉంటే 50 శాతం లేదా అంతకంటే తక్కువ మిగిలేలా పాలిష్ పట్టారని అర్థం. పండ్ల వాసనలాంటి పరిమళం ఉండే ఈ రకాలు చల్లగా తాగడానికి, వేరే ఆల్కహాలు కలపకుండా బియ్యంతోనే చేసిన మామూలు జున్‌మాయ్ వేడి చేసుకోవడానికి బాగుంటాయి. ఖరీదైనదే మంచిదన్న లెక్క ఇక్కడ పనిచేయదు, ఉప్పుచేపతో చవక సాకే వేడిగా తాగితేనే సుఖం.

కొన్ని పాత దుకాణాల్లో చల్లని సాకే ఇచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. చతురస్రాకారపు చెక్క పెట్టెలో గ్లాసు నిలబెట్టి, మీ ముందే పెద్ద సీసా వంచి పోస్తారు. గ్లాసు నిండి, అంచు పైన ఉబ్బి, పొర్లి పెట్టెలోకి కారేదాకా ఆపరు. దాన్ని ఎత్తబోతే ఒలుకుతుంది. కాబట్టి తల వంచి, పెదవులు గ్లాసు దగ్గరకు తీసుకెళ్లి మొదటి గుక్క పీల్చాలి. కాస్త తగ్గాక గ్లాసెత్తి తాగి, పెట్టెలో మిగిలినదాన్ని తర్వాత గ్లాసులోకి ఒంపుకోవాలి. అలా తల వంచడాన్ని అమర్యాదగా ఎవరూ అనుకోరు.

షోచూ బట్టీలో కాచి దింపిన మద్యం, సుమారు 25 శాతం బలం ఉండేది. కగోషిమాలో చిలగడదుంపతో, ఓయితాలో బార్లీతో, కుమమోతోలో బియ్యంతో చేస్తారు. వేడినీళ్లు కలిపి, చన్నీళ్లు కలిపి, లేదా మంచుముక్కలతో తాగుతారు. టోక్యోలో మాత్రం హాప్పీ అనే పానీయాన్ని తప్పక అడిగి చూడాలి. బీరు సామాన్యుడికి అందని రోజుల్లో, 1948లో అమ్మకానికి వచ్చిన ఈ బీరులాంటి నురగ పానీయంలో ఆల్కహాలు 0.8 శాతమే. మంచుముక్కలు, షోచూ ఉన్న గ్లాసొకటి, హాప్పీ సీసా ఒకటి ఇస్తారు, కలుపుకోవడం మన పని. సీసా అయిపోకముందే గ్లాసులో షోచూ అయిపోతుంది కాబట్టి ‘నకా’ అని కేక వేస్తే షోచూ మాత్రమే మళ్లీ పోస్తారు. సీసా కావాలంటే ‘సొతొ’ అనాలి. చవకగా ఉందని నకాలు పెంచుకుంటూ పోతే ఎప్పుడు ఎక్కిందో తెలియదు. మధ్య మధ్య ‘ఒహియా’ అడిగితే చల్లని నీళ్లు ఉచితంగా ఇస్తారు, సాకేకు తోడు నీళ్లు తాగడం అక్కడివారు కూడా చేసేదే.

ఒక ధర చెల్లించి 90 లేదా 120 నిమిషాలు ఎంతైనా తాగే నొమిహోదాయి పథకం బృందాలకు అనుకూలం. సాధారణంగా బల్ల మీద అందరూ తీసుకోవాలి, గడువుకు అరగంట ముందు చివరి ఆర్డరు అడుగుతారు. నెమ్మదిగా తాగేవారికి ఇది దండగ. పథకం లేకున్నా, రద్దీ రోజుల్లో బల్లను రెండు గంటలే ఇస్తామని ముందే చెబుతారు, అప్పుడు సమయానికి లేవాలి.

పొగతాగడంపై 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఆంక్షలున్నా, చిన్న పాత దుకాణాలకు మినహాయింపు ఉంది. తలుపు మీద గుర్తు అంటించి ఉంటుంది. పొగ తాగనిచ్చే భాగంలోకి 20 ఏళ్ల లోపువారిని రానివ్వరు కాబట్టి పిల్లలతో వెళ్లేవారు దాన్ని చూసుకోవాలి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి మరొకరి వాటికి ముక్క అందించడం చావు కర్మలను గుర్తుచేస్తాయి, ఈ రెండూ తప్పిస్తే మిగతా పొరపాట్లను మన్నిస్తారు. సిబ్బందిని ‘సుమిమాసెన్’ అని గొంతెత్తి పిలవడం మర్యాదే, మొహమాటపడి చూస్తూ కూర్చుంటే ఎవరూ రారు.

ఆఖరున కడుపు నింపేది ఒకటి తింటారు: సోయా సాస్ పూసి కాల్చిన అన్నపు ముద్ద గాని, అన్నం మీద వేడి టీ పోసిన ఒచజుకె గాని. ఆ తర్వాత ‘ఒకాయికెయ్ ఒనెగాయ్‌షిమాసు’ అంటే బిల్లు వస్తుంది, చూపుడు వేళ్లు రెండూ అడ్డంగా కలిపి చూపినా అర్థం చేసుకుంటారు. మామూలు చోట ఒక్కొక్కరికి 3,000 నుంచి 5,000 యెన్‌లు అనుకుని వెళ్లాలి. కూర్చుని తినేవాటికి 10 శాతం వినియోగపు పన్ను ఉంటుంది. పన్నుతో కలిపిన ధర చూపాలని 2021 ఏప్రిల్ నుంచి నిబంధన ఉన్నా, పన్నులేని ధరనే పెద్ద అక్షరాల్లో వేసే మెనూలు ఉన్నాయి కాబట్టి చిన్న అక్షరాలు కూడా చదవాలి. చిన్న దుకాణాల్లో కార్డు పనిచేయకపోవచ్చు, నగదు తప్పనిసరిగా దగ్గర ఉండాలి. డబ్బును చేతికి కాక చిన్న పళ్లెంలో పెట్టాలి, చిల్లర వదిలి వెళితే వీధిలోకి పరుగెత్తుకొచ్చి మరీ తిరిగిస్తారు. రద్దీ వేళ తలా ఒక బిల్లు అడగడం ఇబ్బంది పెట్టడమే. ఒకరు కట్టి, బయట సమంగా పంచుకోవడం వాడుక. వెళ్లేటప్పుడు ‘గొచిసోసమా దెషిత’, అంటే మంచి భోజనం పెట్టారు, కృతజ్ఞతలు అని వంటవాడి వైపు చూసి చెప్పాలి.

ఇక ఇంటికి చేరే విషయం. తాగి బండి నడపడాన్ని జపాన్ ఏమాత్రం సహించదు. నడిపినవారితో పాటు, తెలిసీ పక్కన కూర్చున్నవారికి, మద్యం పోసినవారికి కూడా శిక్ష పడుతుంది, 2024 నవంబరు నుంచి సైకిలు మీద వెళ్లేవారికి శిక్షలు కఠినమయ్యాయి. టోక్యోలో చివరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్లిపోతాయి, మళ్లీ తెల్లవారి 5 గంటలకు దగ్గరలో గాని మొదలు కావు. ట్యాక్సీలకు రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా 20 శాతం అదనపు ఛార్జీ ఉంటుంది, దూరమైతే ఆ ఒక్క ప్రయాణం సాయంత్రపు బిల్లును మించిపోతుంది. అందుచేత మొదటి గ్లాసు చెప్పకముందే, తల తేటగా ఉండగా, మీ స్టేషనుకు చివరి రైలు ఎన్నింటికో ఫోనులో చూసి, దానికి అరగంట ముందు మోగేలా అలారం పెట్టుకోండి.